కనబడీ కనబడని వెనక దీపం

తెలుగు పత్రికల జిల్లా పేజీలు చదివే అలవాటు ఉన్నవాళ్ళకి ఒక వార్త కంఠతా వచ్చేసి ఉంటుంది. "ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు." ఊరి పేరు, హైవే నంబరు, పోయినవాళ్ళ సంఖ్య మారుతూ ఉంటాయి. వాక్యం మాత్రం మారదు. లోపలికి వెళ్ళి చదివితే చాలాసార్లు తేలేది ఒకటే: లారీ వెనక దీపం వెలగలేదు. లక్షలు ఖరీదు చేసే బండిలో అన్నిటికంటె చవక సామాన్లలో అదొకటి. వెలుగుతున్నంత కాలం దాని మొహం ఎవరూ చూడరు.

ఈ వ్యాసం అలాంటి ఒక వెనక దీపం గురించే. కాకపోతే దీని కథలో చిన్న తిరకాసు ఉంది. దీన్ని తయారు చేసినవాళ్ళ ఉద్దేశం అది బాగా కనబడాలని కాదు, వీలైనంత తక్కువగా కనబడాలని!

కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, వారమంతా క్లయింట్ల సర్వర్ల చుట్టూ తిరిగేవాడికి మిలటరీ లారీతో ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. మేముండేది బెడ్‌ఫోర్డ్‌షైర్‌లో. మా వీధి చివర ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నారు. నలభై ఏళ్ళు లారీ మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. ఒక రైతు దగ్గర కొట్టం అద్దెకు తీసుకుని అందులో 1943 నాటి బెడ్‌ఫోర్డ్ క్యూఎల్ లారీని మళ్ళీ బతికిస్తున్నారు. పాత విడిభాగాల పుస్తకంలోని వందల నంబర్లను ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించిపెట్టే మనిషి కావాలని అడిగితే సరేనన్నాను. నెలరోజుల పని అనుకున్నది రెండు చలికాలాలు పట్టింది. అందులో ఒక చలికాలం మొత్తం వెనక దీపాలకే పోయింది.

ఏమిటీ లారీ?

బెడ్‌ఫోర్డ్ అనేది లూటన్‌లోని వాక్స్‌హాల్ మోటార్స్ వారి లారీల పేరు. హిందుస్తాన్ మోటార్స్ మన దేశంలోనూ ఆ లారీలు తయారు చేసింది కాబట్టి మన పెద్దవాళ్ళలో కొందరికి ఆ పేరు తెలిసే ఉంటుంది. క్యూఎల్ అనేది ఆ కంపెనీ సైన్యం కోసం చేసిన మూడు టన్నుల బండి. నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి అందుతుంది. 72 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజను. డ్రైవరు ఇంజనుకి వెనక కాకుండా పక్కన, ముందుకి జరిగి కూర్చుంటాడు. 1941 నుంచి 1945 వరకు 50 వేలకు పైగా తయారయ్యాయి. సరుకులు, సైనికులు, పెట్రోలు, వైర్‌లెస్ పరికరాలు, అన్నీ దీని మీదే మోశారు.

ఇదే కంపెనీ చర్చిల్ ట్యాంకులు కూడా తయారు చేసింది. శత్రు విమానాల కన్ను లూటన్ మీద ఉండేది. 1940 ఆగస్టు 30న వాక్స్‌హాల్ ఫ్యాక్టరీ మీద బాంబులు పడి 39 మంది ఉద్యోగులు చనిపోయారు. ఆకాశం నుంచి ఎవరైనా చూస్తున్నారేమో అన్న భయం ఆ లారీని బిగించినవాళ్ళకి పుస్తకాల్లో చదివిన సంగతి కాదు.

చీకటి చట్టం

1939 సెప్టెంబరు 1న బ్రిటన్‌లో బ్లాకౌట్ మొదలైంది. వీధి దీపాలు ఆరిపోయాయి. ఇళ్ళ కిటికీలకి నల్ల గుడ్డలు కట్టారు. కార్ల హెడ్‌లైట్లకి సన్నని చీలికలున్న మూతలు బిగించారు. ఎదురుగా ఏముందో తెలియక జనం దెబ్బలు తింటుంటే చెట్ల మొదళ్ళకీ, పేవ్‌మెంట్ అంచులకీ తెల్ల రంగు పూశారు. 1940 ఫిబ్రవరి నుంచి ఊళ్ళలో రాత్రి వేగాన్ని గంటకి 20 మైళ్ళకి తగ్గించారు. అయినా 1941లో బ్రిటన్ రోడ్ల మీద 9,169 మంది చనిపోయారు. ఆ దేశ చరిత్రలో ఏ ఏడాదీ అంతమంది పోలేదు. ఇప్పుడు బండ్లు ఎన్నో రెట్లు పెరిగినా 2023లో ఆ సంఖ్య 1,624.

ఇక సైన్యం సంగతి చూడండి. రాత్రిపూట యాభై లారీలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళాలి. వెనక లారీ డ్రైవరుకి ముందు లారీ కనబడాలి, లేకపోతే దారి తప్పుతాడు, లేదా గుద్దేస్తాడు. పైన ఎగిరే పైలెట్‌కి మాత్రం ఏమీ కనబడకూడదు. మన క్లయింట్లు ఇచ్చే రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్‌లో మూడో పేజీకీ పదో పేజీకీ పడనట్టే ఉంది కదూ? తేడా ఏమిటంటే, వాళ్ళు మీటింగు వాయిదా వేసుకునే వీలు లేదు.

రెండు దేశాలు, రెండు జవాబులు

బ్రిటిష్ వాళ్ళ జవాబు చూస్తే ఇంత సులువా అనిపిస్తుంది. లారీ వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్‌ని మీరు చూసే ఉంటారు. దానికి తెల్ల రంగు వేశారు. దానిపైన, బాడీ కింద, ఒక చిన్న దీపాన్ని ఆ తెలుపు మీద మాత్రమే వెలుగు పడేలా బిగించారు. కాన్వాయ్ దీపం అంటారు దాన్ని. దీపం తిన్నగా ఎవరికీ కనబడదు. పైన లారీ శరీరమే గొడుగు. వెనక వచ్చే డ్రైవరుకి మాత్రం చక్రాల మధ్య మసక చందమామ లాంటి ఒక తెల్లని గుండ్రం కనబడుతుంది. అది కనబడినంత సేపు దాని వెంట వెళ్ళడమే. అది మాయమైతే వెనకబడ్డాడని అర్థం.

అమెరికన్ల జవాబు వేరు. వాళ్ళ జీపులకీ, జీఎంసీ లారీలకీ పెట్టిన బ్లాకౌట్ టెయిల్ లైట్లని క్యాట్స్ ఐ, అంటే పిల్లికన్ను, అని పిలుస్తారు. దీపం ముఖం మీద రెండు జంటలుగా నాలుగు చిన్న కిటికీలు ఉంటాయి. దూరం 180 అడుగులు దాటితే నాలుగూ కలిసిపోయి ఒకే చుక్కగా కనబడతాయి. 60 నుంచి 180 అడుగుల మధ్య రెండు చుక్కలు. 60 అడుగుల లోపలికి వస్తే నాలుగు. డ్రైవరుకి నేర్పవలసింది ఒక్క ముక్క: రెండు కనబడేలా నడుపు. ఒకటి కనబడితే వేగం పెంచు, నాలుగు కనబడితే తగ్గించు.

దీని వెనక లెక్క చాలా చిన్నది. మంచి వెలుతురులో మామూలు కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు చుక్కల్ని విడివిడిగా చూడగలదు. ఆ లెక్కన 60 అడుగుల నుంచి విడిగా కనబడాలంటే రెండు చుక్కల మధ్య 5 మిల్లీమీటర్ల పైచిలుకు ఎడం ఉండాలి. 180 అడుగుల నుంచి అయితే 16 మిల్లీమీటర్లు. చీకట్లో కన్ను అంత చురుగ్గా పనిచెయ్యదు కాబట్టి నిజం దీపంలో ఎడం ఇంకా ఎక్కువే కావాలి. నిష్పత్తి మాత్రం మారదు: దూరం మూడింతలైతే ఎడమూ మూడింతలు. సెన్సరు లేదు, రాడార్ లేదు, వెనక బండిలో అదనంగా పెట్టిన పరికరం ఒక్కటీ లేదు. లెక్కంతా చూసేవాడి కంట్లోనే జరిగిపోతుంది. ఇవాళ కార్లలో ముందు బండికీ మనకీ మధ్య దూరాన్ని కొలిచే అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ చేసే పనిలో సగం ఆ గాజు ముక్క చేసిందన్నమాట.

ఏ వెర్షన్‌కి వెనక్కి వెళ్ళాలి?

వేట మొదలుపెట్టేముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. "ఒరిజినల్ దీపం" అంటే ఏ రోజు నాటి ఒరిజినల్?

ఇలాంటి లారీ జీవితం ఒక్క ముక్కలో చెప్పేది కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఒక రూపం. యుద్ధం మధ్యలో సైన్యం వర్క్‌షాపులో మరమ్మతుకి వెళ్ళినప్పుడు అక్కడ ఏ దీపం దొరికితే అది. యుద్ధం అయ్యాక వేలంలో అమ్మేస్తే కలప మోసేవాడో, ఎగ్జిబిషన్లు తిప్పేవాడో కొని, తన అవసరం కొద్దీ కొత్త దీపాలు బిగిస్తాడు. పెద్దాయన లారీ వెనక అడ్డదూలానికి మేం లెక్కపెట్టిన కన్నాలు పదకొండు. వాటిలో ఫ్యాక్టరీ వేసినవి ఏవి, తరవాత ఎవరో డ్రిల్లుతో వేసినవి ఏవి? సోర్సు కంట్రోలు లేకుండా ఎనభై ఏళ్ళు పదిమంది ఎడిట్ చేసిన కోడు ఎలా ఉంటుందో అలా ఉంది.

విడిభాగాల పుస్తకం నంబరు చెబుతుంది గాని కన్నం ఎక్కడ ఉండాలో చెప్పదు. అక్కడ పనికొచ్చింది పెద్దాయన అనుభవం. ఫ్యాక్టరీ కన్నాల అంచు నున్నగా ఉంది, లోపలివైపు కూడా మొదటి పొర రంగు పట్టింది. తరవాత వేసినవాటిలో గరుకు అంచు, రంగు లేదు. పదకొండులో నాలుగు మిగిలాయి. రెండు కుడి చివర, రెండు మధ్యలో, సరిగ్గా డిఫరెన్షియల్ పైన.

ఆ తరవాత ఆయన సన్నని ఉప్పుకాగితం తీసుకుని, తడిపి, డిఫరెన్షియల్ మీద రూపాయి బిళ్ళంత మేర రుద్దడం మొదలుపెట్టారు. పైన నల్ల రంగు. దాని కింద ఎర్రటి ప్రైమరు. దాని కింద మిలటరీ ఆకుపచ్చ. ఇంకా కింద, పాతబడి పాలమీగడ రంగుకి తిరిగిన తెలుపు. చెట్టు మొద్దులో వలయాల్లాగా నాలుగు గుండ్రాలు ఒకదానిలో ఒకటి కనబడ్డాయి. ఆయన కాసేపు ఏమీ మాట్లాడకుండా చూసి, "అబ్బాయ్, మనం వెతికే దీపంలో సగం ఇక్కడే ఉంది" అన్నారు.

నిజమే. ఆ వ్యవస్థలో ముఖ్యమైన భాగం దీపం కాదు, దాని వెలుగుని అందుకునే తెల్ల రంగు. ఒక డబ్బా రంగుతో అది తిరిగి వస్తుంది. మిగిలిన సగం మాత్రం సంతలో దొరకాలి.

సంతలో వేట

ఇంగ్లండులో పాత బండ్ల విడిభాగాల సంతని ఆటోజంబుల్ అంటారు. వాటిలో పేరున్నది హాంప్‌షైర్‌లోని బ్యూలీలో, నేషనల్ మోటార్ మ్యూజియం దగ్గర 1967 నుంచి జరుగుతున్నది. మన ఊళ్ళ పశువుల సంతకి వెళ్ళినవాళ్ళకి అక్కడి పద్ధతి అర్థమవుతుంది. వస్తువుని తిప్పి చూడడం, పెదవి విరవడం, వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వెయ్యడం, అన్నీ ఉంటాయి. మిలటరీ బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళకి వేరే సంఘం కూడా ఉంది. 1968లో మొదలై ఇప్పుడు మిలిటరీ వెహికల్ ట్రస్ట్ అని పిలవబడుతున్నది. ఆ సభ్యుల కొట్టాల్లో ఉన్న సరుకు ఏ మ్యూజియంలోనూ ఉండదేమో.

దొరికే దీపాలు మూడు రకాలు. మొదటిది యుద్ధకాలంలో తయారై ఎప్పుడూ వాడనిది, మైనపు కాగితంలో చుట్టి, గ్రీజు పూసి, అట్టపెట్టెలో పెట్టినది. ఖరీదు ఎక్కువ. రెండోది ఏదో బండి నుంచి ఊడదీసినది. మూడోది ఇప్పుడు తయారు చేసిన నకలు. నకలుని నకలుగా అమ్మితే తప్పేమీ లేదు. అసలుగా అమ్మినప్పుడే చిక్కు.

మాకూ అలాంటి సరుకు ఒకటి తగిలింది. ఒక వ్యాపారి, పేరు అనవసరం, "ఎవరో రైతు పాకలో దొరికింది" అని పంపిన దీపం చక్కగా తుప్పు పట్టి ఉంది. అతి చక్కగా! తుప్పు అంతటా ఒకే మందంలో ఉంది. పెద్దాయన మూత మర ఒకటి తీసి తన పాత నట్టులో తిప్పి చూశారు. ఎక్కలేదు. మెట్రిక్ మర. ఆ రోజుల్లో బ్రిటిష్ సామాన్లలో ఉండేవి విట్‌వర్త్, బీఏ, బీఎస్ఎఫ్ మరలు. వాటి పళ్ళ కోణం మిల్లీమీటరు మరలకి కలవదు. లోపల వైరు కూడా ప్లాస్టిక్ తొడుగుది. యుద్ధకాలం వైరు రబ్బరు మీద నూలు అల్లికతో ఉంటుంది. లోపలి రబ్బరు మీద చిన్న అక్షరాల్లో "మేడ్ ఇన్ ఇండియా" అని చూసి ఆయన నాకేసి ఓరగా నవ్వారు. నేనూ నవ్వాను, చేసేదేముంది? డబ్బు వెనక్కి రావడానికి రెండు నెలలు పట్టింది.

నిజానికి ఆ ముద్రలో ఆశ్చర్యం ఏమీ లేదు. బ్రిటిష్ బండ్ల కరెంటు సామాను అంటే బర్మింగ్‌హామ్ లూకస్ కంపెనీ. జోసెఫ్ లూకస్ కిరసనాయిలు దీపాలు అమ్ముకునే స్థాయి నుంచి మొదలై, 1880 ప్రాంతంలో "కింగ్ ఆఫ్ ది రోడ్" అనే సైకిలు దీపంతో పైకి వచ్చాడు. ఆ కంపెనీ సామాను చెడిపోతూ ఉంటుందని ఎగతాళిగా ఆయన్ని "ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్" అంటారు ఇక్కడి మెకానిక్కులు. ఆ లూకసే 1961లో టీవీఎస్‌తో కలిసి మద్రాసులో లూకస్-టీవీఎస్ పెట్టింది. ఇంగ్లండులోని మాతృసంస్థ 1996లో వేరీటీలో కలిసి, 1999లో అమెరికన్ కంపెనీ టీఆర్‌డబ్ల్యూ చేతికి వెళ్ళింది. మన దేశంలో ఆ పేరు మాత్రం అలాగే నిలిచింది. పాత ఇంగ్లీషు పద్ధతి సామాను చెయ్యగల చేతులు ఇవాళ మన దగ్గరే ఎక్కువ.

ఇంకో ఉచ్చు ఉంది. మిలటరీ లారీ అనగానే చాలామంది జీపు పిల్లికన్ను దీపం చూపిస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, సైన్యం కళ కూడా ఉంటుంది. జీపు దీపాల వోల్టేజీ 6, మా లారీది 12 అనేది చిన్న తేడా. పెద్ద తేడా ఏమిటంటే అది వేరే సైన్యం వేసుకున్న వేరే జవాబు. లూటన్ లారీకి అది తగిలిస్తే ప్రోగ్రాము కంపైల్ అవుతుంది గాని అర్థం మారిపోతుంది.

చివరికి కాన్వాయ్ దీపం ఒక తడిసిన అట్టపెట్టెలో, ట్రాక్టరు సామాన్ల మధ్య దొరికింది. బ్రిటిష్ సర్కారు ఆస్తికి గుర్తుగా వేసే బాణం ముద్ర దాని అడుగున ఉంది. బీఏ మరలు తిరిగాయి. పన్నెండు పౌన్లు.

1944 ఒకవైపు, 1989 ఒకవైపు

దీపం దొరికింది కదా, కథ అయిపోయిందనుకుంటే పొరపాటు. లారీ ప్రదర్శనలకి రోడ్డు మీదే వెళ్ళాలి. రోడ్డు మీద నడిచే చట్టం 1944ది కాదు, 1989 నాటి వాహన దీపాల నిబంధనలు. వాటి ప్రకారం వెనక రెండు ఎర్ర దీపాలు, రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు కావాలి. 1936 జనవరి 1కి ముందు రోడ్డెక్కిన బండికైతే బ్రేకు దీపమూ, ఇండికేటర్లూ అక్కర్లేదు. మాది 1943 కాబట్టి ఆ మినహాయింపు లేదు. 1971కి ముందువి కనక ఒక్క బ్రేకు దీపం చాలు. 1965 సెప్టెంబరుకి ముందువి కనక వెనక ఇండికేటర్లు ఎర్రగా ఉన్నా ఫరవాలేదు. ఈ తేదీల వరస చూస్తుంటే పాత ఏపీఐ వాడకందార్లని తరిమెయ్యకుండా కొత్త వెర్షన్ తెచ్చిన పద్ధతి గుర్తుకొస్తుంది. ఇంత పాత లారీని ఖాళీగా నడిపితే ఏటేటా పరీక్షకి తీసుకెళ్ళడం తప్పనిసరి కాదు. రోడ్డుకి తగ్గట్టు ఉంచే బాధ్యత మాత్రం యజమానిదే.

ఇక్కడే పెద్దాయనకీ నాకూ మాట పట్టింపు వచ్చింది. ఆయన వయసు డెబ్బై ఎనిమిది. ప్రదర్శన నుంచి సాయంత్రం చీకటి పడే వేళకి ఏ5 రోడ్డు మీద గంటకి ముప్ఫై మైళ్ళ వేగంతో తిరిగి రావాలి. వెనక వచ్చేవాళ్ళు అరవైలో వస్తారు. "యుద్ధంలో కుర్రాళ్ళు ఈ దీపంతోనే నడిపారు. కొత్త దీపాలు తగిలిస్తే ఇంత వెతికి లాభమేమిటి?" అన్నారాయన. "యుద్ధంలో మీ లారీ వెనక వచ్చినవాడూ అదే వేగంతో వచ్చేవాడండీ, పైగా ఆ తెల్ల గుండ్రాన్నే వెతుక్కుంటూ వచ్చేవాడు. ఏ5 మీద వచ్చేవాడు దాన్ని వెతకడు" అన్నాను. 1941 లెక్క చెప్పాను. మన పత్రికల్లో రోజూ వచ్చే ఆ వార్త గురించి కూడా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. టీ కాచుకొచ్చారు.

మరుసటి శనివారం వెళ్ళేసరికి ఒక చెక్క పలక సిద్ధంగా ఉంది. దాని మీద రెండు పెద్ద ఎర్ర దీపాలు, బ్రేకు దీపాలు, ఇండికేటర్లు, రిఫ్లెక్టర్లు. లారీ వెనక తలుపుకి రెండు కొక్కేలతో తగిలించి, వైరు కొసని ఒక సాకెట్లో గుచ్చితే పని అయిపోతుంది. లారీకి కొత్త కన్నం ఒక్కటి కూడా వెయ్యలేదు. సాకెట్‌ని పాత ఖాళీ కన్నంలోనే కూర్చోబెట్టారు. ప్రదర్శన మైదానంలో పలక తీసేస్తే 1944. రోడ్డెక్కేముందు తగిలిస్తే ఇవాళ్టి రోజు. మన భాషలో చెప్పాలంటే పాత కోడు ముట్టుకోకుండా పైన ఒక అడాప్టర్. మ్యూజియంల వాళ్ళు పాటించే సూత్రం కూడా ఇదే: ఏం చేసినా రేపు ఇంకొకడు విప్పి తీసేయడానికి వీలుండాలి.

నవంబరులో చంద్రుడు లేని ఒక రాత్రి రైతు పొలం బాటలో కాన్వాయ్ దీపాన్ని వెలిగించి చూశాం. ఆయన లారీలో కూర్చున్నారు. నేను టేపు పట్టుకుని వెనక్కి నడిచాను. ఇరవై గజాల దగ్గర తెల్లని గుండ్రం స్పష్టంగా ఉంది. నలభై దగ్గర బూడిద రంగు మరక. అరవై దాటాక ఉందో లేదో నాకే తెలియలేదు. అక్కడే నిలబడి, పక్కనే ఇంకో యాభై లారీలు ఇలాగే కదులుతున్నాయని ఊహించుకున్నాను. నడిపేవాడికి పందొమ్మిదేళ్ళు. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఆ మరక మీద నుంచి కన్ను తియ్యకూడదు. ఆ కుర్రాళ్ళలో మన దేశంవాళ్ళూ తక్కువేం కాదు. ఆ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకి చేరింది. అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్ళే.

బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు డక్స్‌ఫోర్డ్‌కో, బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంకో, లైన్‌హామ్‌లోని ఆర్‌ఈఎంఈ మ్యూజియంకో పిల్లల్ని తీసుకెళ్తే, తుపాకులు చూడ్డం అయ్యాక ఒకసారి లారీల వెనక కూర్చుని కిందికి తొంగి చూడమనండి. ఇరుసు మధ్య తెల్ల రంగు కనబడితే అది ఎందుకో వాళ్ళకి చెప్పగలరు.

మా లారీకి ఇంకా ఒక లోటుంది. కుడి చివర ఉండవలసిన చిన్న టెయిల్ దీపం దొరికింది గాని, దాని ఎర్ర గాజు పగిలిపోయింది. ఇప్పటికి ప్లాస్టిక్ బిళ్ళ పెట్టి నడిపిస్తున్నాం. యుద్ధం తరవాత మన దేశంలోనూ మిలటరీ డిస్పోజల్ లారీలు చాలా అమ్ముడయ్యాయి. ఈసారి ఊరెళ్ళినప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్లో, తాతగారి షెడ్డులో, బాణం గుర్తున్న చిన్న దీపం ఏదైనా కంటబడితే, ముందు దాని మర ఒకటి విప్పి చూడండి. మెట్రిక్ నట్టులో ఎక్కకపోతే నాకు ఒక్క మాట రాయండి.